సమస్యాపూరణం: అలలు లేని చోట నలలు లేచె

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం.

అలలు లేని చోట నలలు లేచె

విషయం కూడా ఇస్తున్నాను: గిటారు సొంతంగా నేర్చుకుని, ఇప్పుడు సర్ఫ్ సంగీతంలోకి అడుగుపెడుతున్న వ్యక్తి. 1960ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా తీరంలో పుట్టి, చాలావరకు గాత్రం లేకుండా గిటారు మీదే నడిచిన బాణీ అది. సముద్రాన్ని వర్ణించి సరిపెట్టకండి. సముద్రం లేని గదిలో ఆ హోరు ఎలా పుడుతుందో పద్యంలో కనబడాలి.

ఏకలవ్య:
పద్యం రాయడం నాకు కొత్త. గిటారు మాత్రం రోజూ పట్టుకుంటున్నాను, అదీ గురువు లేకుండానే.

గిటారు పట్టి యతఁడు తలుపు మూసిన వేళ
గురువు లేని వాఁడు కోరి మీటె;
స్ప్రింగు లూగి యూగి చిన్నదౌ గది పొంగె;
అలలు లేని చోట నలలు లేచె.

నిర్వాహకుడు:
ఏకలవ్య గారూ, భావం చక్కగా ఉంది. మొదటి పాదంలో గణం, యతి రెండూ తప్పాయి. 'గిటారు' జగణం. ఆటవెలదిలో మొదటి మూడూ సూర్యగణాలే కాబట్టి దానికక్కడ చోటు లేదు. ముందు రెండు లఘువులు చేర్చి 'తన గి – టారు' అని విరిస్తే న, హ అనే సూర్యగణాలు కుదురుతాయి. 'తన గిటారు పట్టి తలుపు మూసిన వేళ' అంటే యతి కూడా పడుతుంది.

ఇక వస్తువు. గిటారు ధ్వనికి ప్రతిధ్వని చేర్చే పెట్టె, ఫెండర్ రివర్బ్ యూనిట్, 1961లో వచ్చింది. అందులో స్ప్రింగులకు ఒక కొసన కదలిక ఇస్తారు. అది అటూ ఇటూ పరుగెత్తి రెండో కొసన మళ్లీ ధ్వనిగా మారుతుంది. అరచేతి అంచుతో తీగను నొక్కి కొడితే వచ్చే తడి 'టప్ టప్' అక్కడిదే. కానీ మీరు మొత్తం ఘనత స్ప్రింగుకే ఇచ్చేశారు. సర్ఫ్ గిటారు వాద్యకారుడు డిక్ డేల్ 1961లో పేరు తెచ్చుకున్న తొలి సర్ఫ్ రికార్డులో ఈ ప్రతిధ్వని లేదు. అయినా అల ఉంది. అదెక్కడిదో పద్యం చెప్పాలి.

ఛందోబాట:
నిర్వాహకులు అడిగినదానికి నా జవాబు:

ఎడమ చేతివాట మెదురు తీగల పేర్పు,
లావు తీగ మీద వేగముగను
మీటు జోరు పెరిగి మిన్నందె నాదమ్ము;
అలలు లేని చోట నలలు లేచె.

నిర్వాహకుడు:
ఛందోబాట గారూ, రెండో పాదంలో లా–వే యతి చెల్లదు. 'లాఘవమున' అంటే సరిపోతుంది. అర్థం కూడా మెరుగవుతుంది, ఎందుకంటే ఈ బాణీలో మొరటు వేగం పనికిరాదు. డేల్‌ది ఎడమచేతివాటం. కుడిచేతివాళ్లకు కట్టిన తీగల వరుసనే తిరగేసి వాయించేవాడు. ఆయన తీగలు 0.016 నుంచి 0.060 అంగుళాల మందం. మామూలు సెట్టు 0.010 నుంచి 0.046. 'లావు తీగ' అన్న రెండు మాటల్లో ఇదంతా పట్టేశారు, శభాష్.

స్వరలత:
కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, నాకు వినిపించింది ఇది:

మాయ జేయు పాట మాళవగౌళలో
ఒంటి తీగ పైన నురికి జారి
తెరలు తెరలుగాను తేలె నాదఝరులు;
అలలు లేని చోట నలలు లేచె.

నిర్వాహకుడు:
స్వరలత గారూ, ఈ చర్చకే వన్నె తెచ్చారు! మాయామాళవగౌళ అన్న రాగం పేరు ఆటవెలదిలో ఒదగదు, మొదట్లోనే మూడు గురువులు. 'మాయ'ను పాదం మొదట్లోనూ 'మాళవగౌళ'ను యతిస్థానంలోనూ కూర్చోబెట్టిన నేర్పు నాకు బాగా నచ్చింది. మీరు చెప్పేది 'మిసిర్లూ' అనుకుంటాను. తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత పాట. లెబనాన్ మూలాలున్న డేల్ 1962లో దాన్ని గిటారు మీద రికార్డు చేశాడు. స్వరస్థానాలు ఈ రాగానివే, సరళీ స్వరాల్లో మనం పాడేవే. గమకం ఉండదు, ఒకే స్వరాన్ని పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) కిందికీ పైకీ ఎడతెగకుండా కొడతారు.

ఏకలవ్య:
స్వరలత గారూ, మీ పద్యం చదివి ఒంటి తీగ మీదే ప్రయత్నించాను. రివర్బ్ ఆపేస్తే నా లోపాలన్నీ బయటపడ్డాయి. పైకి కొట్టే దెబ్బ బలహీనంగా ఉంది. వేగం పెంచగానే మణికట్టు బిగుసుకుంటోంది.

ఛందోబాట:
మోచేతి నుంచి కొట్టకండి. పిక్ కొసను కొద్దిగా మాత్రమే బయటికి ఉంచి, రెండు దెబ్బలూ ఒకే బరువుతో పడేదాకా నెమ్మదిగానే వాయించండి. లయ కోసం టక్ టక్ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుంటే మంచిది. రివర్బ్ యూనిట్‌లో స్ప్రింగుల కదలికను పెంచే డ్వెల్ నాబ్ తర్వాత తిప్పుకోవచ్చు, తొందరేం లేదు.

ఏకలవ్య:
సవరించిన పూరణ:

తన గిటారు పట్టి తలుపు మూసిన వేళ
గురువు లేని వాఁడు కోరి మీటె;
చేయి నిలిచె లయను, స్ప్రింగు పిమ్మటఁ బొంగె;
అలలు లేని చోట నలలు లేచె.

నిర్వాహకుడు:
'చే'కి 'స్ప్రిం'తో యతి చెల్లుతుంది. గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. చేయి ముందు, స్ప్రింగు తర్వాత అన్న వరుస కూడా కుదిరింది. ఏకలవ్య గారూ, అభినందనలు. ఇదే విషయం మీద ఈసారి తేటగీతి కూడా ప్రయత్నించండి.