పోటీ గెలిచిన గాయని సొంత పాటల హక్కుల గురించి సలహా కావాలి

కడపలో ఉంటున్న మా అక్క కూతురు ఒక టీవీ పాటల పోటీలో గెలిచింది. పాట తానే రాసి, బాణీ కట్టి పాడే ఆ అమ్మాయికి ఒక సంస్థ ఇప్పుడు ఒప్పంద పత్రం పంపింది. 2010లో ఇండియన్ ఐడల్ గెలిచిన శ్రీరామచంద్ర నేపథ్యగానంలో స్థిరపడ్డారు గానీ, సొంత పాటలే పెట్టుబడిగా ఉన్న ఈమెకు ఆ దారి సరిపోదని నా అభిప్రాయం.

సాహిత్యం, బాణీల హక్కులన్నీ, రాయల్టీతో సహా, శాశ్వతంగా సంస్థకే చెందుతాయని ఆ పత్రంలో ఉంది. కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ ప్రకారం రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను సంస్థకు వదులుకోవడం చెల్లదు కాబట్టి, ఈ షరతు ఒక్కటే వీగిపోతుందా, లేక ఒప్పందమంతా ప్రశ్నార్థకమవుతుందా? గడువు రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే పరిమితమట. ‘శాశ్వతం’ అన్న మాటను కొట్టివేయమని కోరవచ్చా? సంతకానికి ముందే, గీత రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘమైన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోవడం మేలా? ఇటువంటి పత్రాలు పరిశీలించిన న్యాయవాదులు, గీత రచయితలు దయచేసి తెలుపగలరు.