2024 ఆల్బమ్ ఏది? ఒక్క హిట్ పాట చాలా, మొత్తం వినాలా?

పెన్నా గట్టు (నెల్లూరు)

డిసెంబరు ఆఖరుకొచ్చాం. ఈ ఏడాది ఆల్బమ్ ఏదని ఎవరిని అడిగినా 'దేవర' అంటారు, లేదంటే 'పుష్ప 2' అంటారు. ఎందుకని అడిగితే ఒక్క పాట పేరు చెప్పి ఊరుకుంటారు. 'చుట్టమల్లే' బాగుంది, కాదనను. శిల్పా రావు గొంతు, రామజోగయ్య శాస్త్రి మాట ఒకదానికొకటి అతికాయి. కానీ అది పాట. ఆల్బమ్ వేరు.

నాది మందుల కంపెనీ ఉద్యోగం. వారానికి మూడు రోజులు కారులో కావలికో ఒంగోలుకో పోతుంటాను. నాకో కొలత ఉంది. పెన్నా బ్రిడ్జి దిగి కోవూరులో పాటలు మొదలుపెడితే కావలికి సుమారు ముప్పావుగంట. ఇప్పుడు సినిమాకి నాలుగైదు పాటలు, అన్నీ కలిపితే పావుగంటో ఇరవై నిమిషాలో. అంటే కావలి చేరేలోపు ఆ పాటలన్నీ రెండు మూడుసార్లు తిరుగుతాయి. ఆఖరిసారి కూడా నా చెయ్యి తర్వాతి పాట మీదికి పోలేదంటే అది ఆల్బమ్.

ఈ ఏడాది అట్లా నిలబడింది నాకు '35 చిన్న కథ కాదు'. వివేక్ సాగర్ సంగీతం. తిరుపతిలో జరిగే కథ, ఆ ఇంట్లో మనుషులు మాట్లాడుకున్నట్టే పాటలూ ఉంటాయి. వాద్యాలు గొంతు మీదికి ఎక్కి కూర్చోవు. 'నీలి మేఘములలో' దగ్గర కారు వేగం దానంతటదే తగ్గుతుంది నాకు. మీ ఓటు చెప్పండి. ఒక్క పాటకు కాదు, మొత్తానికి.

రొయ్యల చెరువు (ముత్తుకూరు)

అన్నా, మీరు కారు అద్దాలు ఎత్తుకుని వింటారు. నేను చెరువు గట్టు మీద వింటాను. రాత్రి పది నుంచి తెల్లారేదాకా నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ మోతలో మీరు చెప్పిన మెత్తటి పాటలు చెవికి చేరవు. ఇయర్ ఫోన్ పెట్టుకున్నా సగమే వినపడతాయి.

రెండు గంటలకు నిద్ర ముంచుకొస్తుంది. అప్పుడు కరెంటు పోయి జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, పంట మొత్తం పోతుంది. ఆ టైంలో నన్ను మేలుకొలిపి ఉంచింది 'దేవర'. 'ఫియర్ సాంగ్', 'ఆయుధ పూజ' రెండూ. అనిరుధ్ కొట్టిన దెబ్బ ఏరియేటర్ మోతను దాటి వస్తుంది. నాలుగు పాటలేనా అంటారేమో. నాలుగూ వింటాను, రోజూ వింటాను. మీ కొలత ప్రకారం చూసినా అది ఆల్బమే.

ఒంగోలు తెలుగు టీచరు

పెన్నా గట్టు గారూ, ఒక ప్రశ్న. మీకు నచ్చింది '35' పాటలా, '35' సినిమానా? ఆ సినిమా నాకూ ఎంతో ఇష్టం. లెక్కలు రాని పిల్లవాడి కథ, బడిలో రోజూ చూసే పిల్లలే కళ్ల ముందుకొచ్చారు. కానీ సినిమా చూడనివాళ్లకు ఆ పాటలు వినిపించాను. బాగున్నాయన్నారు, మళ్లీ పెట్టమని అడగలేదు. ఆల్బమ్‌కి సినిమా తోడు లేకుండా నిలబడే బలం ఉండాలి గదా?

నా ఓటు 'పుష్ప 2'కి, అదీ భాష కోసం. 'సూసేకి' పాటలో ఆ ఒక్క మాట చూడండి. చూడ్డానికి అనే అర్థంలో చిత్తూరు, సీమ వైపు వాడే రూపం. మన నెల్లూరోళ్లు 'చూసేదానికి' అంటారు, ఇంచుమించు పక్క వీధి మాట. పాట రాసిన చంద్రబోస్ వరంగల్ వైపు మనిషి. మన వైపు యాసలో రాసి, దాన్ని శ్రేయా ఘోషల్ గొంతులో దేశమంతా వినేట్టు చేశారు. మా బడిలో పిల్లలు ఇంట్లో మాట్లాడే మాట బడిలో పలకడానికి సిగ్గుపడతారు. 'సూసేకి' వచ్చాక ఒక పిల్ల లేచి "మా అమ్మమ్మ కూడా ఇట్లాగే అంటుంది టీచర్" అంది. నాకు ఆ ఆల్బమ్ విలువ అక్కడ తెలిసింది.

పాటలన్నీ ఒక్క చేతి రాత, సంగీతం దేవిశ్రీ ప్రసాద్‌ది. 'గంగో రేణుక తల్లి' జాతర పాట దగ్గర్నుంచి 'పీలింగ్స్' దాకా ఒకే ఊరి మనుషులు పాడుతున్నట్టు ఉంటుంది. 'దేవర'లో నాకు ఆ ఊరు వినపడలేదు.

రొయ్యల చెరువు (ముత్తుకూరు)

టీచరు గారూ, 'పుష్ప 2'లో ఐటెం పాట 'కిస్సిక్' కూడా అదే ఊరి పాటంటారా?

ఒంగోలు తెలుగు టీచరు

అది నేను దాటేస్తాను బాబూ. ఆ పాట వల్ల నా వాదం బలహీనపడుతుందని తెలుసు. అయినా మిగతావాటి కోసం ఓటు మార్చను.

కావలి సౌండ్ సిస్టమ్

నేను పెళ్లిళ్లకు, ఊరేగింపులకు సౌండ్ బాక్సులు కడతాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. మీరంతా ఒంటరిగా విని తీర్పు చెబుతున్నారు. పాట జనం మధ్య ఎట్లా పనిచేస్తుందో చూసినవాడిగా రెండు ముక్కలు.

ఈ ఏడాది జనవరిలో 'గుంటూరు కారం' వచ్చింది. ఆ నెల నుంచి మొన్నటి పెళ్లి దాకా 'కుర్చీ మడతపెట్టి' అడగని ఊరేగింపు నాకు తగల్లేదు. ఆత్మకూరులో, ఉదయగిరిలో, కొండాపురంలో అన్నిచోట్లా అదే. ముసలావిడలు కూడా లేచి రెండడుగులు వేశారు. తమన్ ఆ పాటలో పెట్టిన దరువు పెద్ద బాక్సుల మీద పడితే నేల అదురుతుంది. అదే పాట ఫోన్‌లో వింటే పావు వంతు కూడా తెలీదు.

అయితే ఒకటి నిజం చెప్పాలి. ఆ సినిమాలో మిగతా పాటలు ఒక్కరూ అడగలేదు. అందుకే దాన్ని ఆల్బమ్ అనను, ఏడాది పాట అంటాను. ఆల్బమ్ అంటే నా లెక్క వేరు. ఊరేగింపుకి ఒకటి, తలంబ్రాలప్పుడు ఒకటి, భోజనాల దగ్గర మెల్లగా ఒకటి, మూడూ ఒకే సినిమా నుంచి తియ్యగలగాలి. ఈ ఏడాది దానికి దగ్గరగా వచ్చింది 'లక్కీ భాస్కర్'. భోజనాల దగ్గర 'శ్రీమతి గారు' పెడితే వడ్డించేవాళ్లు కూడా కూనిరాగం తీస్తారు. విశాల్ మిశ్రా, శ్వేతా మోహన్ పాడారు. ఉషా ఉతుప్ పాడిన టైటిల్ పాట పెళ్లికొడుకు దిగేటప్పుడు వేస్తాను, కుర్రాళ్లు కేకలు పెడతారు. తలంబ్రాలకే పాట దొరకలేదు. దానికి ఇప్పటికీ పాత ఇళయరాజా దగ్గరికే పోవాలి.

మూలాపేట క్యాసెట్లు (నెల్లూరు)

ఇళయరాజా మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పెన్నా గట్టూ, నీ కొలత నాకు నచ్చింది, కానీ 'మొత్తం వినడం' మా కాలం నుంచి వచ్చిన అలవాటు అనుకుంటే పొరపాటు.

1989లో ఆయన సంగీతంతో 'గీతాంజలి' వచ్చింది. పాటలన్నీ వేటూరి రాశారు. అది మొత్తం వినదగ్గ ఆల్బమే, రెండు వైపులా అరిగిపోయేదాకా విన్నాను. కానీ ఆ రోజుల్లో ట్రంకు రోడ్డు వైపు రికార్డింగు షాపులకు పోయినవాళ్లను అడుగు. ఖాళీ క్యాసెట్ కొని, ఒక కాగితం మీద పాటల పేర్లు రాసి ఇచ్చేవాళ్లం. ఒక సినిమాలో ఒకటి, ఇంకో సినిమాలో రెండు. రెండ్రోజుల తర్వాత వచ్చి తీసుకుపోయేవాళ్లం. ఆఖర్న చోటు మిగిలితే షాపాయన తనకు నచ్చిన పాట ఎక్కించేవాడు, అట్లా ఎన్ని మంచి పాటలు పరిచయమయ్యాయో! మొత్తం సినిమా పాటలు అడిగేవాడు పదిమందిలో ఒకడు. ఏరుకుని వినడం ఫోన్లతో పుట్టింది కాదు.

నేను చూసిన తేడా ఇంకోటి. అప్పుడు పాటలన్నీ ఒకేరోజు చేతికొచ్చేవి. ఏది హిట్టో మనమే తేల్చుకునేవాళ్లం. రెండో వైపు మూడో పాట నెమ్మదిగా, ఆరు నెలలకు మనసుకెక్కేది. ఇప్పుడు సినిమాకి ముందు ఒక్కోటి విడిగా లిరికల్ వీడియోగా వదులుతున్నారు. మొదటిది నచ్చకపోతే మిగతావాటి వైపు ఎవరూ తిరిగి చూడరు. 'దేవర'లో 'దావుది' పాట చూడండి. ముందే విడుదల చేసి, సినిమాలో మొదట పెట్టలేదు, తర్వాత కలిపారు. పాట ఉన్నా లేకపోయినా కథ నడుస్తుందని వాళ్లే చూపించినట్టయింది గదా. నా కోపం వినేవాళ్ల మీద కాదు, ఇట్లా ముక్కలు చేసి ఇచ్చేవాళ్ల మీద.

గాయకుడు ఎస్పీ బాలుది మన ప్రాంతమే. తిప్పరాజువారి వీధిలో ఉన్న సొంతింటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో పోయారు. ఆ వీధి మీదుగా నడిచినప్పుడల్లా అనుకుంటాను, ఒక సినిమాలో అన్ని పాటలకూ ఒకే గొంతు ఉండటం కూడా ఆల్బమ్‌ని కట్టిపడేసేది. ఇప్పుడు ఐదు పాటలకు ఐదుగురు.

రొయ్యల చెరువు (ముత్తుకూరు)

పెద్దాయనా, 'దావుది' సంగతి మీరు చెప్పింది నిజమే. ఆ పాట నేను ఒక్కసారి కూడా సినిమా కోసం వినలేదు, కాళ్లకు ఊపు వస్తుందని విన్నాను. అయినా నా ఓటు అక్కడే.

కరవది నుంచి

ఇప్పటిదాకా సినిమాలే వచ్చాయి. ఆల్బమ్ అంటే సినిమానే అని ఎవరు తేల్చారు?

ఒంగోలు పక్కనున్న మా కరవదిలో 1924లో పుట్టారు షేక్ చిన మౌలానా. నాదస్వరం కోసం తంజావూరు బాణీ నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే 1999లో పోయారు. 2024 అంటే ఆయన పుట్టి నూరేళ్లు. ఈ ఏడాది నేను ఎక్కువగా విన్నది ఆయన పాత కచేరీ రికార్డింగులే. ఒక్క రాగం ఇరవై నిమిషాలు ఊదుతారు, ఎక్కడా తొందర లేదు. పెన్నా గట్టు గారి కొలతలో కావలి దాకా రెండు రాగాలు సరిపోతాయి. నా ఓటు దానికి. పాతది లెక్కలోకి రాదంటే ఎందుకు రాదో చెప్పండి. నా చెవికి ఈ ఏడాదే కొత్తగా చేరింది.

ఒంగోలు తెలుగు టీచరు

పదిహేనేళ్లుగా ఒంగోల్లో ఉంటున్నాను. కరవది అంటే రైలు ఆగే స్టేషన్ అనే తెలుసు. ఈ సంగతి తెలియనందుకు బాధగా ఉంది. కానీ అన్నా, ఏడాది ఆల్బమ్ అంటే ఆ ఏడాది తయారైంది కావాలి. లేదంటే ప్రతి ఏడాదీ 'గీతాంజలి'కే ఓటు పడుతుంది, కొత్తవాళ్లు ఎప్పటికి పైకొస్తారు?

పెన్నా గట్టు (నెల్లూరు)

మీరు రాసినవన్నీ పెట్టుకుని నిన్న ఒంగోలు పోయొచ్చాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

'పుష్ప 2' కోవూరులో మొదలుపెట్టాను. టీచరు గారు చెప్పారని ఈసారి మాటల మీద చెవి పెట్టాను. 'సూసేకి' మూడుసార్లూ విన్నాను. 'కిస్సిక్' మాత్రం మొదటి రౌండులోనే దాటించాను. 'లక్కీ భాస్కర్' కావలి తర్వాత పెట్టాను. ఉలవపాడు వచ్చేసరికి రెండు రౌండ్లు అయ్యాయి, ఒక్కటీ దాటెయ్యలేదు. ఇది నేను అనుకోలేదు. 'శ్రీమతి గారు' ఒక్కటే బాగుంటుందనుకుని ఇన్నాళ్లూ మిగతావి విననే లేదు. అంటే ఏ తప్పు చెయ్యొద్దని మొదట రాశానో, అదే నేనూ చేశాను. 'దేవర' కారులో ఆకట్టుకోలేదు, కానీ గట్టు మీద రాత్రి రెండింటికి వినకుండా తమ్ముడి మాట కొట్టెయ్యడం న్యాయం కాదు.

టంగుటూరు టోల్ దాటాక నాదస్వరం పెట్టాను. ఒంగోలు ఊళ్లోకి వచ్చాక కూడా ఆపబుద్ధి కాలేదు, డాక్టరు గారి క్లినిక్ ముందు పది నిమిషాలు కార్లోనే కూర్చున్నాను. దాన్ని ఈ ఏడాది లెక్కలో వెయ్యాలా వద్దా అన్నదానిలో టీచరు గారి పక్షమే నాది, కొత్తవాళ్లకు చోటుండాలి.

'35' మీద నా ఓటు మారలేదు. సినిమా లేకుండా నిలబడదన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను సినిమా చూశాకే విన్నాను. రెండో స్థానం 'లక్కీ భాస్కర్'కి.

కావలి సౌండ్ సిస్టమ్

గురువారం ఇటు వస్తే బస్టాండు దగ్గర ఆగు అన్నా. ఆ నాదస్వరం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రా. శుక్రవారం తెల్లవారుజామున పెళ్లి ఉంది, తలంబ్రాలకు పాట కోసమే వెతుకుతున్నాను.