లాంగ్ రన్‌లో గుండె దడ: రేసు మానుకోవాలా, వాచీ తప్పు చూపించిందా?

తాడేపల్లి రన్నర్:
నా వయసు 47. ఆరేళ్లుగా పరిగెత్తుతున్నాను, ఫుల్ మారథాన్లు నాలుగు చేశాను. రోజూ ఒక బీపీ మాత్ర వేసుకుంటాను. పోయిన ఆదివారం సీతానగరం నుంచి బ్యారేజీ దాటి, బందరు రోడ్డు మీదుగా రామవరప్పాడు రింగు దాకా వెళ్లి తిరిగి వస్తున్నాను. బ్యారేజీ మీదకి రాగానే గుండె లోపల చేప కొట్టుకున్నట్టు ఒకటే దడ. వాచీలో 181. పరుగు ఆపి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. ఆగాక కూడా 20 నిమిషాలు అలాగే ఉంది, తర్వాత దానంతట అదే తగ్గింది. బుధవారం ఈసీజీ తీయించాను, నార్మల్. డాక్టరు మాత్రం హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుంటే గుండె లయని గంటల తరబడి రికార్డు చేసే చిన్న మెషీన్, పెట్టించుకోమన్నారు, రిపోర్టు వచ్చేదాకా పరుగు ఆపమన్నారు. ఏడు వారాల్లో రేసు ఉంది. ఇంట్లో మా ఆవిడ రెండు రోజులుగా సరిగా నిద్రపోవడం లేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

బ్యారేజీ ఐదింటికి:
తమ్ముడూ, ముందు టెన్షన్ పడకు. నాకు 56. పన్నెండేళ్లుగా వారానికి నాలుగు రోజులు పరిగెత్తుతున్నా. ఆ 181 నీ గుండె లెక్క కాదు, నీ అడుగుల లెక్క. మణికట్టు వాచీ చర్మం కింద రక్తం కదలికను లైటుతో చూసి లెక్క వేస్తుంది. చెమటకి పట్టీ జారితే, నిమిషానికి పడే అడుగులనే గుండె కొట్టుకోవడం అనుకుంటుంది. మనలో చాలామందికి 170, 180 అడుగులు పడతాయి. ఛాతీకి కట్టుకునే బెల్టు కొనుక్కో, అది నయం. 220లోంచి వయసు తీసేసి 173 దాటాను అని భయపడుతున్నావేమో. అది సగటు లెక్క. మనిషికీ మనిషికీ పదీ పన్నెండూ తేడా వస్తుంది.

మంగళగిరి సైకిల్:
ఏ వాచీ అన్నా? నాదీ ఎండలో ఇలాగే చూపిస్తుంది.

తాడేపల్లి రన్నర్:
నాలుగేళ్ల పాతది. పట్టీ కొంచెం వదులే.

బ్యారేజీ ఐదింటికి:
అదే నేను చెప్పేది.

కృష్ణలంక అక్క:
వాచీ సంగతి వదిలేయండి. ఆయన నిలబడిపోయాక అడుగులు ఎక్కడున్నాయి? 20 నిమిషాల దడ ఏ లెక్కలోకి వస్తుంది? నేను పద్నాలుగేళ్లుగా ఈసీజీ తీసే పని చేస్తున్నాను. మామూలు ఈసీజీ పది సెకన్ల ముక్క. ఆదివారం వచ్చి పోయిన దడ బుధవారం ఈసీజీలో ఎలా కనిపిస్తుంది? అందుకే హోల్టర్. రిపోర్టు వచ్చే వరకే ఆపమన్నారు, జీవితాంతం కాదు.
డాక్టర్లు అనుమానించే వాటిలో ఏఫిబ్ ఒకటి. గుండె పై గదులు ఒక పద్ధతిలో ముడుచుకోకుండా వణుకుతాయి, నాడి అడ్డదిడ్డంగా ఉంటుంది. అక్కడ రక్తం నిలిచి గడ్డ కట్టి మెదడుకి వెళ్తే పక్షవాతం. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆయనకి బీపీ ఉంది.

బ్యారేజీ ఐదింటికి:
అక్కా, మీరు చెప్పిన పక్షవాతం మాట చదివి ఈ రాత్రి వాళ్లింట్లో ఎవరూ నిద్రపోరు. పరుగు వల్ల గుండె చెడిపోతుందన్న మాట ఊళ్లో ఇప్పటికే చాలా ఉంది.

కృష్ణలంక అక్క:
పరుగు వల్ల చెడిపోతుందని నేను అనలేదు. కానీ ఏళ్ల తరబడి విపరీతంగా చేసేవాళ్లలో ఏఫిబ్ కొంచెం ఎక్కువన్నది నిజం. స్వీడన్‌లో వాసలోపెట్ అని 90 కిలోమీటర్ల స్కీ పందెం ఉంది. 1989 నుంచి 1998 దాకా అది పూర్తి చేసిన 52,755 మందిని గమనించారు. ఎక్కువసార్లు చేసినవాళ్లలో, వేగంగా ముగించినవాళ్లలో గుండె లయ తప్పే సమస్యలు ఎక్కువ కనిపించాయి. పై గదులు సాగి పెద్దవవడం, నాడిని నెమ్మదింపజేసే నరం ప్రభావం పెరగడం కారణాలని చెబుతారు.

బ్యారేజీ ఐదింటికి:
అదే పందెం వాళ్లని తర్వాత మామూలు జనంతో పోల్చి చూశారు. స్కీయర్లకి పక్షవాతం తక్కువ. అది కూడా చెప్పండి.

కృష్ణలంక అక్క:
చెప్తాను. అందులోనే, ఏఫిబ్ వచ్చిన స్కీయర్లకి రాని స్కీయర్ల కంటే పక్షవాతం ఎక్కువని ఉంది. వచ్చిందో లేదో తెలుసుకోమనే కదా అంటున్నాను.

గుంటూరు లక్ష్మీపురం:
ముందురోజు రాత్రి నిద్ర, మందు తాగడం, గురక ఎలా ఉన్నాయో కూడా చూసుకోండి. నాకు థైరాయిడ్ వల్ల దడ వచ్చింది.

బ్యారేజీ ఐదింటికి:
నేను ఎందుకింత గట్టిగా మాట్లాడుతున్నానో చెప్తాను. మా నాన్నకి 1994లో గుండెపోటు వచ్చింది. మెట్లెక్కొద్దు, బరువెత్తొద్దు, విశ్రాంతి తీసుకో అన్నారు. బ్రాడీపేటలో పాలు పోయడానికి సైకిలు మీద తిరిగిన మనిషి పదకొండేళ్లు మంచానికీ వాకిలికీ మధ్యే ఉండిపోయాడు. కండ కరిగిపోయింది, షుగర్ వచ్చింది. ఆయన్ని ఆ విశ్రాంతే తినేసింది. నాకు షుగర్ వచ్చినప్పుడు నేను రోడ్డెక్కాను, ఇప్పుడు మాత్ర సగానికి తగ్గింది. ఆపు అన్న మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది.

కృష్ణలంక అక్క:
మీ నాన్నగారికి అలా జరగకూడదు. ఇప్పుడైతే గుండెపోటు తర్వాత నడిపిస్తారు. కానీ నా వైపు సంగతి కూడా వినండి. నా తమ్ముడికి 43, షుగర్ ఉంది. రెండేళ్లు దడ వచ్చి పోయేది. వాళ్ల గ్రూపులో చెబితే వాచీ మార్చు, నీళ్లు తాగు, స్పీడు తగ్గించు అన్నారు. ఇంకోసారి చెబితే పిరికివాడనుకుంటారని చెప్పడం మానేశాడు. నాకూ చెప్పలేదు, ఈసీజీ తీసే అక్కకి. ఒక పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. ఇప్పటికీ కుడి చెయ్యి సరిగా రాదు, మా అమ్మ పేరు పలకడానికి ఇబ్బంది పడతాడు.

బ్యారేజీ ఐదింటికి:
అంటే మా లాంటి వాళ్లమే చేశామంటారా? మా గ్రూపులో 60 మంది ఉన్నారు. ఒక్కరికి హాని జరగాలని నేను కోరుకుంటానా?

కృష్ణలంక అక్క:
కోరుకున్నారని అనడం లేదు. ఈయన దడ అన్నారు. మీరు ఇచ్చిన మొదటి జవాబు వాచీ. వాడికి వచ్చిన మొదటి జవాబు కూడా అదే.

మంగళగిరి సైకిల్:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

బ్యారేజీ ఐదింటికి:
నిన్న రాత్రి జవాబు రాయలేకపోయాను. మీరు గ్రూపులో అందరినీ టెస్టులు చేయించుకునే పరుగుకి రమ్మంటున్నారేమో అనుకున్నాను. అలా పెడితే ఆటోనగర్ నుంచి వచ్చే మెకానిక్ కుర్రాళ్లు రారు, వంటపని ముగించుకుని వచ్చే ఆడవాళ్లు రారు. వాళ్లకి ఆ డబ్బులెక్కడివి? దానికి నేను ఇప్పుడూ ఒప్పుకోను.

కృష్ణలంక అక్క:
అందరికీ పెట్టమని నేను ఎక్కడా రాయలేదు. పరుగులో స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆగాక కూడా దడ తగ్గకపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినా, ఆ ఒక్కరు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ మాట గ్రూపులో పెద్దవాళ్ల నోటి నుంచి రావాలి. నేను చెబితే ఆసుపత్రి మనిషి కదా అంటారు. మీరు చెబితే వింటారు.

బ్యారేజీ ఐదింటికి:
అది ఒప్పుకుంటాను. ఆదివారం పరుగు మొదలయ్యే ముందు చెప్తాను. జ్వరం తగ్గకుండా పరిగెత్తొద్దని కూడా చెప్తాను, మా వాళ్లు అది చాలా చేస్తారు. తమ్ముడూ, వాచీ గురించి నేను రాసింది తప్పు కాదు, కానీ నువ్వు అడిగింది అది కాదు. రేసు డబ్బులు పోతే పోయాయి. నడవొచ్చో లేదో డాక్టర్ని అడుగు.

తాడేపల్లి రన్నర్:
గురువారం హోల్టర్ పెడుతున్నారు, 24 గంటలు. అక్కా, ఈ ఉక్కలో చెమటకి పట్టీలు ఊడిపోవా? ఆ ఒక్కరోజులో దడ రాకపోతే?

కృష్ణలంక అక్క:
ఊడతాయి. ఛాతీ మీద వెంట్రుకలు తీసి, బాగా తుడిచి అతికించమనండి. ముందే స్నానం చేసి వెళ్లండి, మళ్లీ తీసేదాకా చేయకూడదు. పలచని కాటన్ చొక్కా వేసుకోండి. ఒక చీటీ జేబులో పెట్టుకుని దడ అనిపించిన ప్రతిసారీ టైము, అప్పుడు ఏం చేస్తున్నారో రాయండి, రిపోర్టు చదివేవాళ్లకి అది చాలా పనికొస్తుంది. ఆ రోజు రాకపోతే నార్మల్ అనుకుని వదిలేయొద్దు. వారం పాటు పెట్టుకునేవి కూడా ఉన్నాయి, అడగండి. మళ్లీ దడ మొదలై తగ్గకపోతే, తల తిరిగితే, మూతి వంకర పోయినా చెయ్యి లేవకపోయినా 108కి ఫోన్ చేయమని మీ ఆవిడకి ఈరోజే చెప్పి ఉంచండి.