నినో బెన్వెనుటి వరస 65 గెలుపులు: కష్టపడి తెచ్చుకున్నవా, పేర్చిపెట్టినవా?

కార్నర్‌సీటు:
ఈ ఇటలీ బాక్సర్ పేరెత్తితే చాలు, అందరిదీ ఒకటే పాట. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వెల్టర్‌వెయిట్ స్వర్ణం, పైగా ఉత్తమ బాక్సర్‌కిచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ (తర్వాత మహమ్మద్ అలీ అయిన కాసియస్ క్లే స్వర్ణం కొట్టింది కూడా అక్కడే, అయినా ట్రోఫీ ఇతనికే). 1961 జనవరిలో ట్రియెస్టెలో ప్రొఫెషనల్‌గా మొదలుపెట్టి ఓటమన్నదే లేకుండా 65 ఫైట్లు. నా పేచీ ఆ 65తోనే. చాలావరకు ఇటలీలో, సొంత జనం మధ్య, మనమెవరం పేరు కూడా వినని వాళ్ల మీద. ప్రపంచ టైటిల్‌ని మొదటిసారి దేశం దాటించింది 1966 జూన్‌లో. సియోల్ వెళ్లాడు, కిమ్ కి-సూ చేతిలో పోగొట్టుకుని వచ్చాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి!

లెఫ్ట్‌హుక్_గుంటూరు:
అన్నా, సాండ్రో మజ్జింగి పేరు కూడా వినలేదా? 1965 జూన్‌లో మిలాన్ సాన్ సిరోలో అతన్ని ఆరో రౌండ్లో పడగొట్టే కదా లైట్ మిడిల్‌వెయిట్ టైటిల్ తీసుకుంది. ఇక మొదటి నాలుగేళ్లంటారా, అమెచ్యూర్‌లో ఆట మూడు రౌండ్లు. అప్పట్లో టైటిల్ ఫైట్ 15 రౌండ్లు. తొమ్మిది నిమిషాల ఆటకు అలవాటుపడ్డ ఒళ్లు నలభై ఐదు నిమిషాలు నిలబడాలంటే మధ్యలో చిన్నాచితకా ఫైట్లు చెయ్యాల్సిందే. ఒలింపిక్ మెడల్‌తో వచ్చిన కుర్రాణ్ని ఏ ప్రొమోటరైనా ఇలాగే పైకి తెస్తాడు.

వంశీ_09:
అమెచ్యూర్ అంటే హెడ్‌గేర్ తగిలించుకుని పాయింట్లు ఏరుకోవడమే కదా బాస్. దాన్ని లెక్కలోకి తేవడం ఎందుకు?

సుధ_కె:
వంశీ, ఒలింపిక్స్‌లోకి హెడ్‌గేర్ వచ్చింది 1984లో. రోమ్‌లో అందరూ ఉత్త తలలతోనే ఆడారు.

కార్నర్‌సీటుగారూ, సియోల్ కథ సగమే చెప్పారు. రోమ్ ఒలింపిక్స్‌లో ఇదే కిమ్‌ని బెన్వెనుటి ఓడించాడు. ఆరేళ్ల తర్వాత కిమ్ సొంత దేశంలో స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే జడ్జీలు ఏకాభిప్రాయం లేని తీర్పుతో, గెలిచాడు. 1968లో ఆ కిమ్‌ని సాన్ సిరోకి రప్పించి మజ్జింగి కూడా స్ప్లిట్ డెసిషన్‌తోనే టైటిల్ లాక్కున్నాడు. ఎవరి గడ్డ మీద వాళ్లే గెలిచారు. తప్పంతా ఒక్క బెన్వెనుటి నెత్తిన ఎందుకు రుద్దడం?

లెఫ్ట్‌హుక్_గుంటూరు:
అసలు పరీక్ష సియోల్ కాదు, న్యూయార్క్. ఓడిన మనిషి బరువు పెంచుకుని మిడిల్‌వెయిట్‌కి వెళ్లి, 1967 ఏప్రిల్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అప్పటి ఛాంపియన్ ఎమిల్ గ్రిఫిత్ ముందు నిలబడ్డాడు. అక్కడ ఇతనికి గెలుపు రాసిపెట్టేవాడెవడు? రెండో రౌండ్లో గ్రిఫిత్‌ని కింద పడేశాడు, నాలుగో రౌండ్లో తనే పడ్డాడు. లేచి, 15 రౌండ్లూ ఆడి, పాయింట్ల మీద టైటిల్ పట్టుకెళ్లాడు. ఇటలీలో జనం ఆ రాత్రంతా రేడియోలకి అతుక్కుపోయారు. సెప్టెంబర్‌లో షియా స్టేడియంలో ఓడాడు, నిజమే. 1968 మార్చిలో కొత్తగా కట్టిన మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మళ్లీ గెలిచాడు. మూడూ న్యూయార్క్‌లోనే! ఆ 65 ఫైట్లలో నేర్చుకోకపోతే నాలుగో రౌండ్ తర్వాత లేచేవాడే కాదు.

కార్నర్‌సీటు:
గ్రిఫిత్ ఫైట్లని నేనెక్కడ కాదన్నాను? నా ప్రశ్న 65 గురించి. సాధారణ ఫైట్లు మీద పడేకొద్దీ మనిషి అరిగిపోతాడు కూడా. 1970 నవంబర్‌లో అర్జెంటీనా బాక్సర్ కార్లోస్ మొన్సోన్ రోమ్‌కే వచ్చి 12వ రౌండ్లో పడేశాడు. మరుసటి మేలో మోంటే కార్లోలో మూడో రౌండుకే ఇతని కార్నర్ నుంచి టవల్ వచ్చింది, అంటే ఓటమి ఒప్పేసుకున్నారు. అప్పటికి ముప్పై మూడేళ్లు. ఆ ఏళ్లన్నీ పేరులేని వాళ్ల మీద ఖర్చు చెయ్యకుండా 1963లోనే గట్టి వాళ్ల మీదకి వెళ్లుంటే?

సుధ_కె:
వెళ్లుంటే 1963లోనే ఓడేవాడేమో. నాకైతే వాటిలో సగం ఫైట్లు అనవసరం అనిపిస్తుంది, మిగతా సగం లేకపోతే గ్రిఫిత్ లేడు. కానీ మీరెవరూ ముట్టని ఫైట్ ఒకటుంది: 1965 డిసెంబర్‌లో రోమ్‌లో మజ్జింగితో రీమ్యాచ్. పాయింట్ల మీద బెన్వెనుటికిచ్చారు, మజ్జింగి ఆ తీర్పు ఒప్పుకోలేదు. పేర్చిన గెలుపు ఉందంటే వెతకాల్సింది అక్కడ.

వంశీ_09:
వీడియో ఎవరిదగ్గరైనా ఉంటే పెట్టండి. రౌండ్ రౌండ్‌కీ ఎవరి స్కోరు వాళ్లు వేద్దాం, జడ్జీల స్కోరు ముందే చూసి రావద్దు.