అపార్ట్‌మెంట్ వరండాల్లో కెమెరాలు, అందరి ఫోన్లలో లైవ్: ఒప్పుకోవాలా, వద్దా?

నిజాంపేట_203:
మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 20 ఫ్లాట్లు. ఇప్పటికి గేటు దగ్గర ఒకటి, పార్కింగ్‌లో మూడు కెమెరాలు ఉన్నాయి. సంక్రాంతికి ఊరెళ్లి పదిహేను రోజులకి తిరిగొచ్చేసరికి మా అబ్బాయి గేర్ సైకిల్ లేదు. వాచ్‌మన్ గదిలో టీవీ ముందు కూర్చుని వెనక్కి తిప్పుకుంటూ పోతే పదకొండు రోజులదే ఉంది. అంతకు ముందుది చెరిగిపోయింది. ఇప్పుడు కమిటీవాళ్లు అంతస్తుకి రెండు చొప్పున వరండాల్లో ఇంకో పది కెమెరాలు పెట్టిస్తామని, 20 ఫ్లాట్లవాళ్ల ఫోన్లలోనూ లైవ్ వచ్చేలా చేస్తామని అంటున్నారు. నేను సరేనన్నాను. మా ఆవిడ ససేమిరా వద్దంటోంది. ఆదివారం మీటింగ్ ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మియాపూర్_సెక్రటరీ:
కళ్లు మూసుకుని పెట్టించండి. మా బ్లాక్‌లో మూడేళ్లుగా అన్ని అంతస్తుల్లో ఉన్నాయి. గుమ్మం ముందు కొరియర్‌వాళ్లు పెట్టిన పార్శిళ్లు మాయమవడం ఆగిపోయింది. ఇంకో సంగతి చెప్తాను. మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు, కొడుకు డల్లాస్‌లో. ఆయన రోజూ ఫోన్‌లో చూసుకునేది ఒక్కటే: పొద్దున్నే అమ్మ తలుపు తీసి పాల ప్యాకెట్ తీసుకుందా లేదా అని. కిందటి వానాకాలం ఆవిడ లిఫ్ట్ దగ్గర జారి పడితే అక్కడి నుంచే చూసి మాకు ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో ఆటోలో ఎక్కించాం. ఆ కెమెరా లేకపోతే ఆవిడ ఎంతసేపు అలా పడి ఉండేవారో తలచుకుంటేనే భయమేస్తుంది. దాచుకోవాల్సింది లేనివాళ్లకి కెమెరాతో ఇబ్బంది ఏముంటుంది?

కెమెరా_ఫిట్టింగ్:
పన్నెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పది కెమెరాలు అమ్మితే నాలాంటివాడికే లాభం, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ముందు సైకిల్ సంగతి. మీ డీవీఆర్‌లో, అంటే కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టెలో, ఉన్నది 1 టీబీ హార్డ్‌డిస్క్ అయి ఉంటుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకి 21 జీబీ దాటుతుంది. నాలుగు కెమెరాలకి 86. పదకొండు రోజులకి డిస్క్ నిండిపోయి, పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. మీ లెక్క సరిగ్గా అంతే వచ్చింది చూడండి. 4 టీబీ డిస్క్ వేయించి ఉంటే 45 రోజులది దొరికేది. ఇప్పుడు డిస్క్ పెంచకుండా ఇంకో పది కెమెరాలు తగిలిస్తే మీకు మిగిలేది మూడు రోజుల రికార్డింగ్. డబ్బులు పోసి ఉన్నది పోగొట్టుకున్నట్టవుతుంది. 2013 నాటి ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే షాపులవాళ్లనే 30 రోజులు దాచమంటోంది. మీరూ దాన్నే కొలతగా పెట్టుకోండి.

రెండోది, దూరం. మామూలుగా బిగించే 3.6 ఎంఎం లెన్స్‌కి పది మీటర్ల దూరంలో దాదాపు 16 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. ఎవరో మనిషి వచ్చాడని తెలుస్తుంది, ఎవరన్నది తెలియదు. ముఖం గుర్తుపట్టాలంటే నాలుగైదు మీటర్ల లోపు ఉండాలి. గేటు స్తంభం మీద ఎత్తుగా పెడితే పడేది టోపీలు, హెల్మెట్లు. మనిషి ముఖం ఎత్తుకి కాస్త పైన, లోపలికి వచ్చే దారికి ఎదురుగా ఒక్కటి పెట్టుకోండి, వరండాల్లో పది కెమెరాలు చేయలేని పని అది చేస్తుంది.

మొన్న ఒక దొంగతనానికి ఫుటేజ్ తీసిమ్మని పిలిచారు. రాత్రి రెండింటి నుంచి తెరంతా తెల్లటి పొగలా ఉంది. కెమెరా ముందు సాలెగూడు, చీకట్లో కనిపించడానికి కెమెరా వేసే ఐఆర్ లైట్ దాని మీద పడి మెరిసిపోతోంది. డీవీఆర్ గడియారం చూస్తే నలభై నిమిషాలు వెనక ఉంది. కొన్నాక ఒక్కసారి కూడా గుడ్డ పెట్టి తుడిచినవాళ్లు లేరు.

లింగంపల్లి_అమ్మాయి:
సెక్రటరీ గారూ, మీ పెద్దావిడ సంగతి చదివి సంతోషమేసింది. కానీ చివర మీరు అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది.

నాది ఐటీ ఉద్యోగం, షిఫ్టులు. మా అపార్ట్‌మెంట్‌లోనూ అందరి ఫోన్లలో లైవ్ ఇచ్చారు. ఒకరోజు లిఫ్ట్‌లో రెండో అంతస్తు అంకుల్ నవ్వుతూ అడిగారు: "నిన్న పదకొండున్నరకి వచ్చావు కదమ్మా, దింపిన అబ్బాయి ఎవరు?" దింపింది మా ఆఫీస్ క్యాబ్ డ్రైవర్. నేను దాచుకున్నది ఏమీ లేదు. అయినా ఆ రోజు నుంచి తాళం తీసేటప్పుడు వీపు మీద ఎవరి చూపో ఉన్నట్టే ఉంటుంది. చెత్త బుట్ట బయట పెట్టడానికి కూడా చున్నీ వెతుక్కుంటున్నాను. మా పనమ్మాయి ఎన్నిసార్లు వచ్చింది, ఏ సంచితో వెళ్లింది అని గ్రూప్‌లో స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. ఆవిడని ఎవరైనా అడిగారా?

దొంగ ఏడాదికి ఒకసారి వస్తాడేమో. మేం రోజూ ఆ వరండాలోనే నడుస్తాం.

కోర్టు_గుమాస్తా:
చట్టం వైపు నుంచి రెండు ముక్కలు. కోల్‌కతాలో ఒకే ఇంటి సహ యజమానుల్లో ఒకరు నివాస భాగం లోపల కెమెరాలు పెడితే, రెండోవారి ఒప్పుదల లేకుండా అవి నడపకూడదని అక్కడి హైకోర్టు చెప్పింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. అది ఇంటి లోపలి సంగతి, ఉమ్మడి వరండాకి నేరుగా అతకదు. కానీ ఎదురింటి తలుపు తెరిస్తే హాలంతా కనిపించేలా కెమెరా తిప్పి పెడితే వ్యవహారం అక్కడిదాకా పోవచ్చు. ఇక సాక్ష్యం. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఫుటేజ్ కాపీకి సర్టిఫికెట్ ఉండాలి, అందులో హ్యాష్ విలువ, అంటే ఫైల్‌ని మార్చలేదని తేల్చే కోడ్, రాయాలి. టీవీ తెరని ఫోన్‌తో వీడియో తీసి ఇస్తే అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. పోలీసులు వచ్చేవరకు డీవీఆర్‌ని ఎవరూ కెలకకండి.

మియాపూర్_సెక్రటరీ:
అమ్మా, నా ప్రశ్న అలా తగులుతుందని అనుకోలేదు. మా గ్రూప్‌లోనూ స్క్రీన్‌షాట్లు వస్తున్న మాట నిజమే, ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. కానీ వరండా కెమెరాలు తీసేయమంటే మాత్రం ఒప్పుకోను. ఆ పెద్దావిడకి మళ్లీ ఏమైనా అయితే ఎవరు చూస్తారు?

కెమెరా_ఫిట్టింగ్:
తీసేయక్కర్లేదు సార్. ఆవిడ గుమ్మం ముందున్న కెమెరా ఒక్కటి ఆ కొడుకు లాగిన్‌కి ఇవ్వండి, ఆవిడ సరేనంటేనే. మిగతా ఇళ్లకి దానితో పనేముంది? డీవీఆర్‌లో ఎవరికి ఏ కెమెరా కనిపించాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. అందరికీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చేశారా? అయితే ముందు అది మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ పడింది, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ని మార్చకుండా వదిలేసిన కెమెరాలు, డీవీఆర్‌ల మీదే. ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్ల ఫోన్లలో మీ వరండా ఇంకా కనిపిస్తోందేమో చూసుకోండి.

నిజాంపేట_203:
అందరికీ థ్యాంక్స్. ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ లిఫ్ట్ సంగతి వినగానే, మన కింది ఫ్లాట్ అమ్మాయి కూడా ఇదే భయపడుతోందని చెప్పింది. నాకు ఇప్పటిదాకా తెలియదు. ఆదివారం మేం అడగబోయేది ఇది: అన్ని కెమెరాలకీ 30 రోజుల రికార్డింగ్ పట్టే డిస్క్, గేటు దగ్గర ముఖం ఎత్తులో ఒక కెమెరా, ప్రతి అంతస్తులో లిఫ్ట్ తలుపుకి ఎదురుగా ఒక్కటి, ఏ ఇంటి గుమ్మం వైపూ తిప్పకుండా. లైవ్ ఎవరి ఫోన్‌లోనూ వద్దు. రికార్డింగ్ చూడాలంటే ఇద్దరు కమిటీ సభ్యులు ఉండాలి, రిజిస్టర్‌లో పేరు, కారణం రాయాలి. నెలకోసారి తుడవడం, టైమ్ సరిచూడడం నేనే చూసుకుంటానని చెప్తాను. ప్రెసిడెంట్ గారు అప్పుడే ఫోన్ చేసి లైవ్ లేకపోతే డబ్బులెందుకని అడిగారు. మీటింగ్‌లో మా ఆవిడ మాట్లాడుతుంది.