అప్‌డేట్: ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) లిజనింగ్ రాసొచ్చాను

నాలుగో భాగంలో లెక్చర్ మధ్యలో ఒక్క జవాబు మిస్సయితే ఆ తర్వాతవన్నీ పోతున్నాయి, ఏం చేయాలని అడిగాను కదా. పోయినదాన్ని వదిలేయమన్న సలహానే పనిచేసింది. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, కానీ జవాబులు ప్రశ్నల వరుసలోనే వస్తాయి. అందుకే తర్వాతి రెండు ప్రశ్నల మీద ఒకేసారి కన్నేసి ఉంచితే మళ్లీ అందుకోవచ్చు.

మొదటి భాగం తేలికే గానీ మాట మారుస్తారు: "మంగళవారం... కాదు కాదు, గురువారం" అంటారు. తొందరపడి మొదటిది రాశారో, మార్కు పోయినట్టే.

కంప్యూటర్‌లో రాసేవాళ్లకు చివర్లో సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. పేపర్‌ పద్ధతిలోనైతే జవాబులు ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించడానికి 10 నిమిషాలు. కాబట్టి స్పెల్లింగ్ ఎప్పటికప్పుడు చూసుకోండి. ఆడియోలో మాట్లాడేవాళ్ల యాసల గురించి నేను పడ్డ టెన్షనంతా దండగే. రిజల్ట్ ఇంకా రాలేదు.