అప్‌డేట్: గోధుమ, పాలు మానేసినా థైరాయిడ్ తగ్గట్లేదన్నాను కదా, కారణం దొరికింది

హషిమోటో (ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే జబ్బు) ఉందని, నాలుగు నెలలుగా గోధుమ, పాలు, క్యాబేజీ మానేసినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగే హార్మోన్) 14 దగ్గరే ఆగిందని, నీరసం పోవట్లేదని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది తిండి సలహా కాదు. "మాత్ర దేంతో వేసుకుంటున్నారు?" అని ఒకరు అడిగారు చూడండి, అది. నల్గొండలో చూపించుకుంటే డాక్టరమ్మ కూడా మొదట అదే అడిగింది. నాది పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, వెంటనే డికాక్షన్ చాయ్, దాంతోనే కాల్షియం బిళ్ల. పాలు మానేశాను కదా, ఎముకలకు మంచిదని ఆ బిళ్ల నేనే మొదలుపెట్టాను! కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదట. ఐరన్ బిళ్లా అంతే. థైరాయిడ్ మాత్రకూ ఈ బిళ్లలకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి.

డోసు మార్చలేదు. ఇప్పుడు పరగడుపున నీళ్లతో మాత్ర, గంట ఆగి చాయ్, కాల్షియం రాత్రి అన్నం తిన్నాక. ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 3.8, మామూలు హద్దులోకి వచ్చింది.

గోధుమ సంగతి: సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) పరీక్షకు ముందు కొన్ని వారాలు మళ్లీ చపాతీ తినమన్నారు, మానేసి చేయించుకుంటే ఉన్నా దొరకదట. నాకు లేదు. క్యాబేజీ వండుకుని తింటే ఇబ్బంది లేదన్నారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల వల్లేమో అన్నారు కొందరు. నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఆ భయం పాతదే, కానీ మా ఇంట్లో ఇప్పుడు తాగేది కృష్ణా నీళ్లే. జొన్నరొట్టె మాత్రం మానలేదు, అమ్మ చేస్తే ఎవరు మానతారు!

జుట్టు రాలడం ఇంకా పూర్తిగా ఆగలేదు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష.